పైసలొచ్చే రోగాలు

దేవరుప్పులలో, జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు పక్కన, యాకయ్యకు మోటరు వైండింగు దుకాణం ఉంది. రేకుల కొట్టు. లోపల రాగి తీగ చుట్టలు, పొట్ట విప్పిన మోటర్లు, వార్నిష్ డబ్బాలు, గోడకు ఏ ఏటిదో ఒక క్యాలెండరు. రైతు ఆటోలోంచి మోటరు దింపకముందే యాకయ్య ముక్కు పని మొదలుపెడుతుంది. "ఒక ఫేజు పోయింది. అయినా నడిపించినవ్," అంటాడు. లేదంటే, "నీళ్లు జొచ్చినయ్" అంటాడు. రైతులకు ఇది మంత్రంలా తోస్తుంది గాని మంత్రమేమీ లేదు. మీసాలు రాని నాటి నుంచి ఆ వాసనల మధ్యే అన్నం తిన్న మనిషి. బాగుచేసిన మోటరు అప్పగించేటప్పుడు అందరికీ ఒకే ముచ్చట చెబుతాడు.

"మోటరు ఒక్కనాడే కాలదు బాపు. ముందుగాల మూలుగుతది. ఎన్కనుంచి ఒళ్లు వేడెక్కుతది. ఆఖరికి వాసనొస్తది. మూలిగినప్పుడే బంద్ జేసినోడు బతికిచ్చుకుంటడు."

ఈ మాట ఊళ్లో ఎంత అరిగిపోయిందంటే, ముత్తయ్య చాయ్ హోటల్లో ఎవరైనా నడుము పట్టుకుని కూర్చుంటే చాలు, "మూలుగుతుందా, వాసన గూడ వస్తుందా?" అని అడిగి నవ్వుతారు.

యాకయ్య అన్న పేరు దూరం జిల్లాలవాళ్లకు కొత్తగా వినిపిస్తుంది. మానుకోట, వర్ధన్నపేట, జనగామ పల్లెల్లో మాత్రం ఏ వాడకు వెళ్లినా ఒక యాకయ్యో, యాకమ్మో పలుకుతారు. అన్నారం దర్గాలో ఉన్న యాకూబ్ షావలి పేరు అది. కడుపు పండని తల్లులు, పుట్టిన పిల్లలు దక్కని తల్లులు అక్కడికి పోయి మొక్కుకుంటారు. బిడ్డ నిలిస్తే ఆ పేరే పెట్టి, మేకపోతును తోలుకుపోయి, అక్కడే కోసి వండి, చుట్టాలందరికీ పెట్టి వస్తారు. దాన్ని కందూరు అంటారు. నుదుట బొట్టుతో వెళ్లి దర్గా గడపకు తల ఆనించడం గురించి చదువుకున్నవాళ్లు పెద్ద పెద్ద చర్చలు చేస్తారు. యాకయ్య తల్లి ఎల్లక్కకు ఆ చర్చతో పనిలేదు. ఇద్దరు పిల్లలు పురిట్లోనే దక్కకుండా పోయాక, మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె అన్నారం నడిచి వెళ్లింది. ఆ మూడో కాన్పే యాకయ్య.

అందుకేనేమో, మాట విషయంలో ఎల్లక్క చాలా కట్టడి మనిషి. బియ్యం అయిపోతే అయిపోయాయని అనదు, నిండుకున్నాయంటుంది. దీపం ఆరిందనదు, కొండెక్కిందంటుంది. తెలుగు దేశంలో చాలా ఇళ్లల్లో ఈ పద్ధతి ఉన్నదే. ఎల్లక్క ఇంకో నాలుగు మెట్లు పైన ఉంది. రోగాల పేర్లు ఇంట్లో పలకనివ్వదు. క్యాన్సర్ అన్న మాట ఆ గడప లోపల ఎవరూ ఎత్తలేదు. "పెద్ద రోగం" అనాలి, అది కూడా వాకిట్లోకి పోయి అనాలి. "ఇంట్ల దీపముంటది. అది ఇంటది," అంటుంది. విన్న దీపం ఆ మాటను నిజం చేసి పెడుతుందని ఆమె భయం. పెంచిన తల్లి భయం కొడుక్కి కూడా అంటింది. కాలిన మోటరు ముందు అంత ధైర్యంగా రోగం పేరు చెప్పే యాకయ్య, ఇంట్లో ఎవరైనా దగ్గితే వినబడనట్టు తల తిప్పుకుంటాడు.

ఆ ఇంటికి కోడలుగా వచ్చిన విజయది కొడకండ్ల. జనగామలో తెలుగు ప్రధానంగా డిగ్రీ చదివింది. మిర్చిబజ్జీ కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివే రకం. కూతురు గురుకులం హాస్టల్లో చేరాక ఇంట్లో మధ్యాహ్నాలు మిగిలాయి. ఆ మధ్యాహ్నాల్లో విజయ ఫోనులో రాయడం మొదలుపెట్టింది. జనగామలో రైల్వే స్టేషన్ దగ్గర, బట్టల దుకాణం మీది గదిలో కూర్చుని రుచిత అనే అమ్మాయి ఒక తెలుగు వెబ్‌సైటు నడుపుతోంది. దానికి విజయ పచ్చిపులుసు గురించి రాసింది, తంగేడు పూల గురించి రాసింది, సకినాలు చుట్టే వేళ్ల గురించి రాసింది. యాకయ్య ప్రతి ఒక్కటీ ముత్తయ్య హోటల్లో గట్టిగా చదివి వినిపించాడు. వినని వాళ్లకు చాయ్ తాగించి మరీ వినిపించాడు.

ఒకరోజు రుచిత విజయను జనగామకు పిలిపించింది.

"అక్కా, నీ పచ్చిపులుసు మస్తుమంది చదివిన్రు. లండన్ల గూడ చదివిన్రు. పైసలు మాత్రం ఏం రాలే."

"గంతమంది చదివినంక పైసలెందుకు రాలే చెల్లె?"

"చదివినందుకు రావక్కా. పక్కన ప్రకటన పడాలె, దాన్ని ఎవలన్న ఒత్తాలె. పచ్చిపులుసు పక్కకు ప్రకటన ఎవలిస్తరు? చింతచెట్టు ఇస్తదా?"

విజయకు నవ్వొచ్చింది. "మరి వేటికి ఇస్తరు?"

రుచిత వేళ్లు ముడుస్తూ చెప్పింది. అన్నిటికంటే పైన ఇన్సూరెన్సు. దాని వెనకే అప్పులు: ఇంటి మీది అప్పు, బంగారం మీది అప్పు, క్రెడిట్ కార్డు. ఆ తరువాత వకీళ్లు చూసుకునే సంగతులు, విడాకులూ భూమి తగాదాలూ. ఆ తరువాత దవాఖానలు. వాటిలో కూడా జలుబూ దగ్గూ పనికిరావు, ఆపరేషను దాకా పోయేవి కావాలి.

"జలుబుకు ఎందుకు లేవు?"

"అది దానంతటదే పోతది గదక్కా. పోని రోగాలకే పైసలు."

"అంటె మనిషి భయపడేటియి రాయాలె."

"భయపడాలె, దాని మీద ఖర్సు గూడ పెట్టాలె. రెండు కలిసినయనుకో, ఇగ బంగారమే."

రుచిత ఏదో కొత్త రహస్యం కనిపెట్టినట్టు చెప్పింది గాని, ఈ సంగతి మన గోడలకు ఎప్పటినుంచో తెలుసు. జనగామ నుంచి కాజీపేట దాకా రైలు కిటికీలోంచి చూస్తూ పోండి. గోడల మీద మొలల డాక్టర్లు, కీళ్ల నూనెలు, సంతానం ఇప్పించే వైద్యులు కనబడతారు. వెన్నెల బాగుంటుందని చెప్పడానికి ఒక్కరూ గోడకు సున్నం వేయించలేదు. జాతరలో పాట పాడేవాడి ముందు జనం నిలబడతారు. వాళ్ల చెయ్యి జేబులోకి పోయేది మాత్రం ఉడుము నూనె అమ్మేవాడి దగ్గర. ఏ ఊరి గ్రంథాలయంలోనైనా కావ్యాల అట్టలు పెళ్లినాటి చీరల్లా మెరుస్తూ ఉంటాయి, గృహవైద్యం పుస్తకానికి అట్టే మిగలదు. లోకం కవిని ప్రేమిస్తుంది, వైద్యుడికి పైసలిస్తుంది. ఇందులో లోకానిది తప్పని కూడా అనలేం. నొప్పి ఉన్నవాడు ముందు నొప్పి సంగతే చూసుకుంటాడు.

విజయ ఒప్పుకుంది, రెండు షరతుల మీద. తెలియనిది రాయదు, లేని భయం పెట్టదు. ఇంకొకటి, కింద తన పేరు వేయకూడదు. మొదటి షరతు రుచితకు నచ్చింది, రెండోది అర్థం కాలేదు.

"మా అత్తమ్మ ఇంటె ఇంట్ల ఉండనియ్యదు," అంది విజయ. "రోగాలు, చావులు, విడాకులు. గివన్ని నా పేరు మీద రాసుకుంటనా?"

నవ్వుతూనే అంది గాని, ఆ ఇంట్లో అన్నేళ్లు మెలిగాక ఆ భయం ఆమెకు కూడా కొంచెం అంటింది. ఇంటికొచ్చి భర్తకు ఏమీ చెప్పలేదు. "ఇప్పుడేం రాస్తలేవా?" అని యాకయ్య అడిగితే, "రాయబుద్ధి అయితలేదు," అంది. వచ్చే పైసలతో అతనికి కొత్త ఫోను కొనిచ్చి, అప్పుడు అంతా చెప్పాలని ఆమె ఆలోచన. ఎందుకంటే అతని పెద్ద ఫోను ఆ మధ్యే వార్నిష్ డబ్బాలో పడి, వైండింగు చేసిన మోటరు కన్నా గట్టిగా అతుక్కుపోయింది. అప్పటి నుంచి అతని జేబులో మీటల ఫోను. సాయంత్రం వార్తలు చూడాలంటే విజయ ఫోనే అడిగి తీసుకుంటాడు.

చిక్కంతా అక్కడే పుట్టింది.

తెలియనిది రాయనని మాట ఇచ్చింది కనుక విజయ మధ్యాహ్నమంతా వెదికి వెదికి చదివేది. కిడ్నీలు ఎట్లా పాడవుతాయి, డయాలసిస్ ఎన్నాళ్లు, పెద్ద రోగానికి ఏ బీమా వర్తిస్తుంది, భార్యాభర్తలు ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులకు ఎంత కాలం పడుతుంది, ఇంటి మనిషి పోయాక పిల్లల పేరిట బీమా డబ్బు ఎట్లా వస్తుంది. సాయంత్రం అదే ఫోను యాకయ్య చేతికి వచ్చేది. అతను వానల కబురు చూద్దామని తెరిస్తే, కింద తెల్లకోటు డాక్టరు నవ్వుతూ, "మీ కిడ్నీల గురించి ఆందోళనగా ఉందా?" అని అడిగేవాడు.

మొదటి రోజు యాకయ్య పట్టించుకోలేదు. రెండో రోజు డాక్టరు పక్కన హైదరాబాదు దవాఖాన వచ్చింది. మూడోసారి పెద్ద రోగం పేరే, ఎర్ర అక్షరాల్లో, దీపం ఉన్న ఇంట్లో. యాకయ్య చటుక్కున ఫోను బోర్లా పెట్టేశాడు.

ఫోను సంగతి తెలియనివాడైతే తేలిగ్గా కొట్టేసేవాడు. తెలిసి ఉండడమే అతని కొంప ముంచింది. ఒకసారి తను రాగి తీగ ధర కోసం వెదికితే, నెల పొడుగునా ఫోను నిండా రాగి తీగలే కనబడ్డాయి. ఫోను ఊరికే ఏదీ చూపదనీ, వెదికిన దాన్నే చూపుతుందనీ అప్పుడే గ్రహించాడు. వెదికింది తను కాదు. తల్లికి ఫోను తెరవడమే రాదు. ఇక మిగిలింది ఎవరు?

విజయ వైపు చూశాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఏదో ఆలోచిస్తోంది. ఇంటి అప్పుకూ బంగారం అప్పుకూ తేడా ఎట్లా చెప్పాలా అని ఆమె ఆలోచన. ఇతనికి మాత్రం ఆ మొహంలో మూలుగు వినబడింది. రాయబుద్ధి కావడం లేదన్న మాట గుర్తొచ్చింది. ఈ మధ్య కళ్ల కింద నలుపు కూడా ఉన్నట్టుంది. ముక్కుతో పసిగట్టే మనిషికి ఒక్కసారి అనుమానం తగిలితే ప్రతిదీ వాసనే.

అడగొచ్చు గదా అంటారు. అడిగితే ఆమె అవునంటుంది. ఆమె నోటితో అవునన్నాక ఇక అది నిజమే. అడగనంత సేపు ఇంకా సగమే నిజం.

చివరికి ముత్తయ్య దగ్గర నోరు విప్పాడు. చాయ్ హోటలు బయటి బల్ల మీద, ఎవరూ లేనప్పుడు.

"మా ఆమెకు పానం బాగలేనట్టుందే," అన్నాడు.

"ఏమైంది?"

యాకయ్య గొంతు తగ్గించి ఫోను సంగతంతా చెప్పాడు. కిడ్నీలు, పెద్ద రోగం, బీమా. ముత్తయ్య గిన్నె కింద మంట తగ్గించి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్న విడాకుల వకీలు గూడ వచ్చిండు," అన్నాడు యాకయ్య.

"ఇంటికా?"

"ఫోన్లకే."

"అరేయ్ తమ్మీ, రోగానికి విడాకులకు ఏం సంబంధంరా?"

ఆ లెక్క కూడా యాకయ్య కట్టేసుకున్నాడు. "నాకు భారం కావద్దని ఇడిసిపెట్టి పోదామనుకుంటుందో ఏమో. నేను మళ్ల పెండ్లి చేసుకోవాలని."

"నీకా?" అన్నాడు ముత్తయ్య. "వార్నిష్ కంపు గొట్టేటోనికి ఒకసారి ఇచ్చుడే ఎక్కువరా. మళ్ల ఎవలిస్తరు?"

ఇద్దరూ కొంచెం నవ్వారు. నవ్వు ఆగిపోయాక యాకయ్య భుజం తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ముత్తయ్య చూడనట్టు రోడ్డు వైపు తిరిగాడు.

"నోటితోటి అడగకు," అన్నాడు. "మా బామ్మర్ది భూపాలపల్లి బొగ్గు బాయి పనిల ఉన్నడు గద, ఆయనకు హైదరాబాద్ దవాఖానలన్ని ఎరికే. నేను మాట్లాడుత. ముందుగాల మనిషిని మంచిగ చూసుకో."

మనిషిని మంచిగా చూసుకోవడం ఎట్లాగో యాకయ్యకు తెలియదు. ప్రేమ లేక కాదు, అలవాటు లేక. మరునాడు దానిమ్మకాయలు తెచ్చాడు. ఆ మరునాడు కూడా తెచ్చాడు. పొద్దున్నే లేచి బిందెలు తనే నింపాడు. విజయ చీపురు పట్టుకుంటే లాక్కున్నాడు. దేవరుప్పుల మొగవాడు వాకిలి ఊడ్వడం ఆ వాడలో చాలారోజుల ముచ్చట.

ఎల్లక్కకు కొడుకు చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు. కొడుకు అన్నం ముందు కూర్చుని కోడలి మొహం చూస్తూ ముద్ద మరిచిపోతుంటే, కన్న తల్లికి ఇంకేం చెప్పాలి? ఆమె ఏ మాటా ఎత్తకుండా కోడలికి మిరపకాయలూ ఉప్పూ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. సాయంత్రం కాగానే, "బిడ్డా, జర ఒరుగు," అని మంచం వేసేది. కోడలు లేచి వెళ్లాక దీపం ముందు నిలబడి ఏదో గొణుక్కునేది.

విజయకు అనుమానం పుట్టింది. పదిహేనేళ్ల కాపురంలో చీపురు ముట్టని మనిషి ఊడుస్తున్నాడు, దానిమ్మకాయలు ఒలిచి గిన్నెలో పెడుతున్నాడు, ఎక్కడికి కదిలినా కళ్లు వెంటే వస్తున్నాయి. మానుకోటలో ఉన్న అక్కకు ఫోను చేసింది.

"ఏం తప్పు జేసిండో ఏమో అక్కా. గిట్ల ఎన్నడు లేడు."

"జాగ గిట్ల అమ్మిండేమో చూడు," అంది అక్క. "మొగోళ్లు పండ్లు తెచ్చిన్రంటె ఏదో పోయినట్టే."

అక్క అన్నంత పనీ జరగబోతోంది. రోడ్డు మీద యాకయ్యకు చిన్న జాగ ఒకటి ఉంది. అద్దె రేకుల కొట్టు వదిలి అక్కడ సొంత దుకాణం కట్టాలని ఎన్నో ఏళ్ల కోరిక. పేరు రాసే బోర్డు రంగు కూడా ఎంచుకుని ఉంచాడు. పక్క పొలం మహీధర్‌ది. ఎరువుల దుకాణం పెట్టడానికి ఆ జాగ ఇమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఇప్పుడు యాకయ్యే వెళ్లి, ఇస్తానన్నాడు. రేపు పొద్దున బయానా తెచ్చి ఇస్తానని మహీధర్ అన్నాడు. ఆ పైసలతో విజయను హైదరాబాదు తీసుకుపోవాలి. చెప్పకుండా బస్సెక్కించి, దవాఖాన గేటు దాకా పోయాక చెప్పాలి. అక్కడైతే ఎల్లక్క దీపం ఉండదు.

ఆ పొద్దున దుకాణానికి పోతూ విజయ ఫోను అడిగి తీసుకున్నాడు. డాక్టరు ముందు కూర్చుంటే ఏం అడగాలో తెలియాలి. అప్పటికే దుకాణం ముందు తండా నుంచి వచ్చిన వాల్యా మోటరు పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి ఎండాకాలం ఏదో ఒకటి కాల్చుకుని వచ్చే పాత గిరాకీ.

"కూసో వాల్యా, జర ఇది చదవనియ్యి," అని యాకయ్య స్టూలు మీద కూర్చుని కిడ్నీల గురించి వెదికాడు. మొదట వచ్చిన దాన్ని తెరిచాడు. కళ్లతో చదివితే మెదడుకు ఎక్కలేదు. అందుకని చిన్నగా పైకి చదివాడు, బడిపిల్లవాడిలా, మాట మాట విడదీసి.

"కిడ్నీలు ఒక్క రోజులో పాడుకావు. ముందు మూలుగుతాయి. మనమే వినిపించుకోము. తరువాత ఒళ్లు వాస్తుంది, అలసట వస్తుంది. ఆఖరున..."

"ఆఖరికి వాసనొస్తది," అన్నాడు వాల్యా, గోడకు ఒరిగి బీడీ వెదుక్కుంటూ. "మూలిగినప్పుడే బంద్ జేసినోడు బతికిచ్చుకుంటడు. గది నీ ముచ్చటనే గదనే యాకన్న! ఫోన్లకు ఎట్ల జొచ్చింది?"

యాకయ్య ఫోను వైపు చూశాడు. తరువాతి వాక్యం సరిగ్గా అదే ఉంది. కొంచెం పుస్తకాల తెలుగు తొడుక్కుని ఉంది గాని, అదే. "మూలుగు విన్న రోజే ఆగినవారు బతికించుకుంటారు. కాలిన మోటర్లను బాగుచేసే ఒక మనిషి నాకు ఈ మాట చెప్పారు. ఇది మనుషులకు కూడా వర్తిస్తుంది."

అతను లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. అదే వెబ్‌సైటు, పచ్చిపులుసు వచ్చినదే. కింద ఎవరి పేరూ లేదు. బీమా గురించి ఉన్నది తెరిచాడు. "బీమా అంటే రాగి తీగ చుట్టాక పోసే వార్నిష్ లాంటిది. వార్నిష్‌తో మోటరు నడవదు. వార్నిష్ లేని మోటరు మాత్రం ఎక్కువ కాలం నడవదు." ఈ భూమి మీద ఇంకెవరికి ఇట్లా తోస్తుంది? ఎన్ని సాయంత్రాలు అన్నం వడ్డిస్తూ, వింటున్నట్టు కూడా కనిపించకుండా, అతని సోది అంతా దాచుకుందో!

చివరికి ధైర్యం చేసి విడాకులది తెరిచాడు. పొడుగ్గా ఉంది. చట్టం, కాలం, కోర్టు, అన్నీ వివరంగా ఉన్నాయి. అట్టడుగున రెండు వాక్యాలు: "ఈ విషయంలో ఇది రాసిన మనిషికి సొంత అనుభవం లేదు. అవసరం పడుతుందని కూడా అనుకోవడం లేదు."

యాకయ్య నవ్వాడు. నవ్వుతూనే తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే వాల్యా కంగారుపడి బీడీ పారేశాడు.

"ఏమైందే? ఎవలన్న పోయిన్రా?"

"ఎవలు పోలే వాల్యా," అన్నాడు యాకయ్య. "పోతలేరు."

అప్పుడే మహీధర్ బండి దిగాడు, బయానా సంచి చంకలో పెట్టుకుని.

"జాగ ఇయ్యనన్నా," అన్నాడు యాకయ్య, అతను కూర్చోకముందే.

"అదేంది! నిన్న నువ్వే వచ్చి ఒప్పుకుంటివి గద?"

"నిన్న మా ఆమెకు పానం బాగలేకుండె."

"ఇయ్యాల బాగైందా?"

"ఇయ్యాల కాదన్నా. అసలు ఏం కానే కాలేదంట."

మహీధర్ వాల్యా వైపు చూశాడు. ఆయన కూడా చేతులు తిప్పి తనకేమీ తెలియదన్నట్టు చూపించాడు. "నీ మోటరు ముందుగాల చూపిచ్చుకో యాకయ్యా," అని మహీధర్ బండి తిప్పుకుని పోయాడు. కోపంగా పోలేదు. వైండింగు దుకాణం లేకుండా అతని బోర్లు ఒక్క ఎండాకాలం దాటవు.

యాకయ్య ఇంటికి చేరేసరికి విజయ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అతను ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"నీకు కిడ్నీలు మంచిగున్నయా?"

చేట ఆగిపోయింది. "ఏంది?"

"పెద్ద రోగం గిట్ల ఏం లేదు గద? నన్ను ఇడిసిపెడుతలేవు గద?"

విజయ అతని చేతిలోని ఫోను చూసింది. అది తెరిచి ఉన్న చోటు చూసింది. మెల్లగా ఒక్కొక్కటీ కలిసొచ్చింది: దానిమ్మకాయలు, చీపురు, బిందెలు, అత్త తిప్పి వేసిన మిరపకాయలు.

"గిన్ని దినాలు నేను సస్తననుకున్నవా?"

"థూ! ఆ మాటనకు."

"అనుకుని అడగకుంట ఉన్నవా? దానిమ్మకాయలు తెచ్చుకుంట?"

"అడిగితె నిజమైతదేమోనని..." అన్నాడు యాకయ్య.

విజయ నవ్వుదామనుకుంది. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. చేట పక్కన పెట్టి అతని తల మీద ఒకటి మొట్టింది, చిన్నగా. మొట్టిన చెయ్యి అక్కడే ఉంచింది. "నీ కోసమే రాసిన," అంది. "కొత్త ఫోను కొందామని. గా వార్నిష్ ఫోను చూస్తె నాకే బాధైతుండె."

"నాకు ఫోనొద్దు. నీ దాంట్లనే చూస్త."

"మళ్ల చూసి సావు," అంది, కళ్లు తుడుచుకుంటూ. అన్నాక ఆ మాట తనకే తగిలి, ఇంట్లో దీపం వైపు భయంగా చూసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

సరిగ్గా అప్పుడే ఎల్లక్క మలుపు తిరిగి వచ్చింది. చేతిలో పలుపు, పలుపు చివర నల్ల మేకపోతు. కొడుకును, కోడలిని, తడి కళ్లను చూసి అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ కలిసి ఆమెకు అంతా చెప్పారు. రోగాలేవీ లేవనీ, రాసినందుకు పైసలొస్తాయనీ, అందుకే అవి ఫోనులోకి వచ్చాయనీ. ఎల్లక్కకు సగమే అర్థమైంది. ఆ సగం ఆమెకు చాలు.

"అయితె పోతును ఎన్కకు ఇచ్చొస్తనే అవ్వ," అన్నాడు యాకయ్య.

"ఎందుకియ్యాలె?" అంది ఎల్లక్క. "బిడ్డకు ఏం కావద్దని మొక్కిన. ఏం కాలే. ఇగ బాకీ పడ్డట్టే గద?"

యాకయ్య ఆమె చేతిలోంచి పలుపు అందుకుని పోతును గుంజకు కట్టేశాడు.

ఆదివారం ముత్తయ్య ఆటో మాట్లాడాడు. పాలకుర్తి, తొర్రూరు దాటి అన్నారం చేరేసరికి ఎండ ముదిరింది. దర్గా ముందు జనం, సాంబ్రాణి పొగ, నెమలి ఈకల కట్టతో తలలు నిమిరే ముజావరు. యాకయ్య తన పేరుగల యాకూబ్ షావలి గడపకు తల ఆనించి చాలాసేపు లేవలేదు. చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండారు. తినేటప్పుడు విజయకు ముక్కలన్నీ ఎల్లక్కే ఏరి ఏరి వేసింది, ఇంకా రోగి అయినట్టే.

అన్నాలయ్యాక రుచిత ఫోను చేసింది. ఆమె గొంతు పక్కవాళ్లకు కూడా వినబడేంత పెద్దది. విడాకుల దాంట్లో ఆఖరి రెండు వాక్యాలు తీసేద్దామా అక్కా, చదివేవాళ్లకు వాటితో పనిలేదు గదా అని అడిగింది. విజయ యాకయ్య వైపు చూసింది. అతను ఎముక కొరుకుతూ తల అడ్డంగా ఊపాడు.

"ఉండనియ్యి చెల్లె," అంది విజయ. "పనిబడ్డోళ్లు ఒకలున్నరు."

ఫోను పెట్టేశాక ఎల్లక్క చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కోడలికి దగ్గరగా జరిగింది. అటూ ఇటూ చూసింది. దగ్గర్లో ఏ దీపమూ లేదని రూఢి చేసుకుంది.

"బిడ్డా," అంది గొంతు తగ్గించి, "మోకాళ్ల నొప్పుల మీద రాస్తె పైసలొస్తయా?"

"మస్తొస్తయ్ అత్తమ్మ. ఆపరేషన్ ఉంటది గద."

"అయితె నన్నడుగు," అంది ఎల్లక్క, కాళ్లు చాపి చీర సర్దుకుంటూ. "నాయి రెండున్నయ్."